బియ్యం ముందు, బిల్లు తర్వాత



సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం ఎలా ఉందని ఏ ఊళ్ళో ఎవరిని కదిపినా ఒకే మాట వినిపిస్తుంది. అన్నం బాగానే పెడతారండీ, పప్పే మరీ నీళ్ళగా ఉంటుంది అంటారు. పత్రికలవాళ్ళు దీనికి నీళ్ళచారు అని పేరు కూడా పెట్టేశారు. మండల విద్యాధికారి (ఎంఈఓ) తనిఖీకి వచ్చినా, సర్పంచి గారు వచ్చినా, గరిటె పెట్టి అడుగునుంచి కలిపి చూసేది పప్పు గిన్నెనే.

ఒకే బడి, ఒకే పొయ్యి, వండేదీ ఒకే మనిషి. అన్నానికి లేని లోటు పప్పుకే ఎందుకు వస్తోంది? వండే ఆవిడ చేతివాటం అని తేల్చేయడం సులువు. అలాంటివాళ్ళు ఎక్కడా లేరని నేను అనను. కానీ ఇన్ని వేల బళ్ళలో, ఇన్నేళ్ళుగా, ఒకే గిన్నె పలచబడుతూ ఉందంటే దానికి వేరే కారణం ఉండి తీరాలి. ఆ కారణం వంటగదిలో లేదు, ఖజానా దగ్గర ఉంది. ఈరోజు నేను మీతో మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ముందుగా, ఈ పళ్ళెం బడిలోకి ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెప్తాను. 1920లో మద్రాసు నగర పాలక మండలికి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకు ఫలహారం పెట్టాలని ఆయన హయాంలో తీర్మానం చేశారు. ఒక్కో పిల్లవాడి మీద రోజుకు అణాకు మించి ఖర్చు చేయకూడదన్నది షరతు. తర్వాత మరికొన్ని బళ్ళకు పాకింది. అంతలో ప్రాథమిక విద్యా నిధిని తిండికి ఖర్చు పెట్టడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం అడ్డు చెప్పింది. 1925లో పథకం ఆగింది. కొంతకాలానికి మళ్ళీ మొదలైందనుకోండి. గమనించారా, మద్రాసు బడి భోజనానికి వచ్చిన ఆటంకం బియ్యం లేక వచ్చింది కాదు. ఏ పద్దు కింద రాయాలో తేలక వచ్చింది.

ఆ తర్వాత తమిళనాట 1956లో ముఖ్యమంత్రి కామరాజ్ దీన్ని పల్లెలకు తీసుకెళ్ళారు. 1982 జూలైలో ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ పౌష్టికాహార పథకంగా పెద్ద ఎత్తున విస్తరించారు. దేశమంతటికీ వచ్చింది మాత్రం 1995 ఆగస్టు 15న, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా. అయితే చాలా రాష్ట్రాల్లో అప్పట్లో బడిలో పొయ్యి వెలిగించలేదు. హాజరు ఎనభై శాతం ఉన్న పిల్లలకు నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చి ఇంటికి పంపేవారు. ఆ మూడు కిలోలు ఇంటిల్లిపాది ఎసట్లో కలిసిపోయేవి. పిల్లకు అందులో ఎన్ని ముద్దలు దక్కాయో ఎవరికి తెలుసు?

2001లో రాజస్థాన్‌లో కరవు. ఒకపక్క ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతోంది, మరోపక్క జనం పస్తులుంటున్నారు. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. గింజలు కాదు, వండిన భోజనమే పెట్టాలి. అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలి. ఈ ఆదేశాలు అమలవుతున్నాయో లేదో చూడటానికి కోర్టు ఇద్దరు కమిషనర్లను నియమించింది. ఒకరు ఎన్.సి. సక్సేనా. రెండోవారు మనకు బాగా తెలిసిన ఎస్.ఆర్. శంకరన్, ఆంధ్రప్రదేశ్‌లో వెట్టిచాకిరీ రద్దుకు పాటుపడిన ఐఏఎస్ అధికారి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బళ్ళలో పొయ్యిలు వెలిగాయి. చాలాచోట్ల వంట బాధ్యతను పొదుపు సంఘాల మహిళలకు అప్పగించారు. బడి భాషలో వీళ్ళను ఏజెన్సీ అంటారు. పేరు చూసి పెద్ద కంపెనీ అనుకునేరు! ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు, రెండు డేగిసాలు, ఒక పొయ్యి. అంతే ఏజెన్సీ. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చాక, ఎనిమిదో తరగతి దాకా బడి భోజనం చట్టబద్ధమైన హక్కయింది. తొమ్మిది, పది తరగతులకు మన రాష్ట్రాలు సొంత డబ్బుతో పెడుతున్నాయి.

ఇంత ఖర్చు చేసి పెడుతున్నారు కదా, దీనివల్ల ఏమైనా ఒరిగిందా అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మన నేల మీదే దొరికింది. యంగ్ లైవ్స్ అనే అంతర్జాతీయ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001, 2002 ప్రాంతంలో పుట్టిన సుమారు రెండు వేల మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చింది. వాళ్ళు చంటిపిల్లలుగా ఉన్నప్పుడే కరవొచ్చింది. కరవు బారిన పడ్డ ఇళ్ళలో పిల్లల ఎదుగుదల దెబ్బతింది. కానీ బడిలో చేరి మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో ఆ లోటు చాలావరకు పూడిందని పరిశోధకులు తేల్చారు. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. చిన్నప్పుడు బడి భోజనం అందిన ఆడపిల్లలు పెద్దయి తల్లులైతే, వాళ్ళ బిడ్డల్లో గిడసబారడం తక్కువగా ఉందని చూపింది. ఈరోజు పెట్టిన ముద్ద ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టబోయే బిడ్డకూ అందుతోందన్నమాట.

మనకు ఇది ఎంత అవసరమో కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. అయిదో విడత సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఒకటో తరగతిలో పేరు రాయించే నాటికే సగానికి పైగా పిల్లల్లో రక్తం చాలడం లేదు. దీనికి అన్నం ఒక్కటే మందు కాదు. పప్పు కావాలి, ఆకుకూర కావాలి, గుడ్డు కావాలి. సరిగ్గా ఆ వస్తువుల దగ్గరే మన పథకం తడబడుతోంది.

ఇప్పుడు వంటగదిలోకి వెళ్దాం. నలభై మంది పిల్లలున్న ఒక ప్రాథమిక పాఠశాల అనుకోండి. ఉదయం తొమ్మిదిన్నర. హాజరు పిలిచాక ఎంతమందికి వండాలో ప్రధానోపాధ్యాయులు, అంటే హెచ్‌ఎం, చెబుతారు. ఒకామె బస్తా విప్పి బియ్యం కొలుస్తుంది. పిల్లకు వంద గ్రాముల చొప్పున నాలుగు కిలోలు. మెరికలు, మట్టిగడ్డలు ఏరి, కడిగి నానబెడుతుంది. రెండో ఆమె పప్పు తీస్తుంది. పిల్లకు 20 గ్రాముల చొప్పున 800 గ్రాములు ఉండాలి. కూరగాయలు 50 గ్రాముల చొప్పున రెండు కిలోలు. నూనె 5 గ్రాముల చొప్పున 200 గ్రాములు. ఇవన్నీ ప్రాథమిక తరగతులకు నిర్ణయించిన కొలతలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఒక్కోటీ ఒకటిన్నర రెట్లు ఉంటుంది.

బియ్యం బస్తా ప్రభుత్వానిది. నెల మొదలయ్యేలోపే బడికి వచ్చేస్తుంది. దానికి ఆమె పైసా పెట్టక్కర్లేదు. మిగతావన్నీ ఆమె కొనుక్కురావాలి. బియ్యం సర్కారుది, పప్పు నా ఖాతాది అని ఒకామె నాతో అన్నది. కిరాణా కొట్లో ఆమె పేరు మీద ఒక పుస్తకం ఉంటుంది. అందులో పప్పు, నూనె, చింతపండు, కారం ఏ రోజుకారోజు రాసుకుంటారు. బిల్లు పడ్డాక తీర్చాలి.

ఆ బిల్లు సంగతి చూద్దాం. వంట ఖర్చుల కింద కేంద్రం 2025 మే నుంచి నిర్ణయించిన ధర ప్రాథమిక స్థాయిలో పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు. నలభై మందికి 271 రూపాయలు. లెక్క కోసం కందిపప్పు కిలో 120, కూరగాయలు 40, నూనె 150 అనుకుందాం. పప్పుకు 96, కూరగాయలకు 80, నూనెకు 30. మొత్తం 206. ఇక మిగిలింది 65 రూపాయలు. అందులోనే గ్యాసు, ఉప్పు, కారం, పసుపు, చింతపండు, పోపుసామాను, గిన్నెలు తోమే సబ్బు. ఎంత పొదుపుగా వాడినా సరికి సరి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది, గుర్తుందా? ఆ ధరకు రెండు కిలోలు కొంటే కూరగాయలకే 200. లెక్క తలకిందులైపోయింది. కానీ పిల్లకు ఇచ్చే పైసలు ఆ నెలలో ఒక్కటీ పెరగలేదు.

ఇది డబ్బు ఏ రోజుకారోజు చేతికి వస్తే ఉండే లెక్క. అలా రాదు. హెచ్‌ఎం బిల్లు పెట్టాలి, అది మండలానికి వెళ్ళాలి, అక్కణ్ణుంచి పైకి, ఖజానాకు, చివరికి బ్యాంకు ఖాతాకు. పైన నిధులు విడుదలైనా ఏదో ఒక మెట్టు మీద ఆగుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు. మూడు నెలలు ఆగిందనుకుందాం. మన నలభై మంది బడికి నెలకు సుమారు ఆరు వేలు, మూడు నెలలకు పద్దెనిమిది వేలు. కిరాణావాడు అన్నాళ్ళు ఆగడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాలి. నెలకు 360 రూపాయలు వడ్డీ. ఆమెకు వచ్చే గౌరవ వేతనం మన రెండు రాష్ట్రాల్లోనూ నెలకు మూడు వేలు. ఇందులో కేంద్రం లెక్కకట్టేది వెయ్యే, ఆ వెయ్యి 2009 నుంచీ వెయ్యిగానే ఉంది. పైగా అది ఏడాదికి పది నెలలకే. ఆ మూడు వేలలో పదో వంతుకు పైగా పిల్లల పప్పు మీద వడ్డీకి పోతుంది. ఆ గౌరవ వేతనమైనా నెలనెలా వస్తుందా అంటే, అదీ బిల్లులాగే ఆగుతుంది.

అప్పుడామె ఏం చేస్తుంది? మానేస్తే పిల్లలు పస్తు. ఆ పిల్లల్లో తన మనవరాలూ ఉండొచ్చు. అందుకని 800 గ్రాముల పప్పు వేయాల్సిన చోట అర కిలో వేసి నీళ్ళు పోస్తుంది. టమాటా బదులు చవగ్గా దొరికే సొరకాయ తెస్తుంది. గ్యాసు ఆపి కట్టెల పొయ్యి రాజేస్తుంది. అన్నం మాత్రం నిండుగానే ఉంటుంది, ఎందుకంటే బియ్యం ముందే వచ్చింది. ఆకలి రుచి ఎరగదు కదా, పిల్లలు అదే కలుపుకుని తినేస్తారు. కడుపు నిండుతుంది. రక్తం మాత్రం పట్టదు.

ఇందులో ఇంకో కోణం ఉంది. బడి ఎంత చిన్నదైతే దెబ్బ అంత పెద్దది. 25 మంది లోపు పిల్లలుంటే ఒక్కరే వంటమనిషి. పదిహేను మంది పిల్లల బడిలో రోజుకు వచ్చేది దాదాపు 102 రూపాయలు. నలభై మందికి వండినా, పదిహేను మందికి వండినా పొయ్యి వెలిగించాల్సిందే, పోపు పెట్టాల్సిందే. తండాల్లో, గూడేల్లో ఉన్నవి ఎక్కువగా ఇలాంటి చిన్న బళ్ళే. ఆకలి ఎక్కువ ఉన్న చోటే లెక్క తక్కువ గిట్టుబాటవుతోంది.

మరి దీనికి విరుగుడు లేదా? ఉంది, అదీ మన కళ్ళెదుటే ఉంది. సరుకు నేరుగా బడికి చేరిన చోట పళ్ళెంలోకీ చేరుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో గుడ్లు, వేరుశనగ చిక్కీలు సరఫరాదారులే బడికి పంపుతారు. వండే మహిళ వాటికోసం అప్పు చేయక్కర్లేదు. సైజు చిన్నదనో, కుళ్ళినవి వచ్చాయనో ఫిర్యాదులు వస్తాయి, వాటిని పట్టుకోవాలి. కానీ గుడ్డు అసలు రాదన్న బెంగ తగ్గింది. ఏజెన్సీలే గుడ్లు కొని పెట్టే చోట ధర అయిదు నుంచి ఏడుకు ఎగబాకినప్పుడల్లా వారానికి మూడు గుడ్లు రెండవుతాయి, రెండు ఒకటవుతాయి. బియ్యంలాగే కందిపప్పునూ, నూనెనూ పౌర సరఫరాల సంస్థ ద్వారా బడికి చేరవేస్తే సగం చిక్కు విడిపోతుంది. మిగిలిన కూరగాయలు, గ్యాసు డబ్బును ఒక నెల ముందుగా ఏజెన్సీ ఖాతాలో వేస్తే మిగతా సగమూ విడిపోతుంది. ఇది అదనపు ఖర్చు కాదు. ఎలాగూ ఇవ్వాల్సిన డబ్బే, కాస్త ముందు ఇవ్వడం.

కొందరు చూపే మరో దారి పెద్ద వంటశాలలు. నగరాల్లో అలాంటి కేంద్రీకృత వంటశాలల నుంచి వ్యాన్లలో భోజనం వస్తోంది. యంత్రాలతో వండుతారు, శుభ్రత బాగుంటుంది, పట్టణాలకు సరిపోతుంది. కానీ తెల్లవారుజామున వండిన అన్నం మధ్యాహ్నానికి దూరపు ఊరికి చేరేసరికి వేడి ఉండదు. ఊరి ఆడవాళ్ళ ఉపాధి పోతుంది. ఇంకో మాట కూడా ఉంది. వంట పనిలో దళిత మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఊరి నడుమ, ఊరి బడిలో, దళిత మహిళ వండిన అన్నాన్ని అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తినడం చిన్న విషయం కాదు. కొన్నిచోట్ల పెద్దలు అడ్డుపడ్డారు కూడా. పిల్లలు మాత్రం ఆకలేసినప్పుడు ఎవరు వండారని అడగరు. ఆ పాఠం ఏ వాచకంలోనూ లేదు, వ్యాను కూడా దాన్ని మోసుకురాలేదు.

శుభ్రత సంగతి వచ్చింది కాబట్టి బీహార్‌ను తలచుకోవాలి. 2013 జూలైలో సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. మన పత్తి రైతులకు తెలిసిన మందే. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాలు, పిల్లలకు వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలని గట్టిగా చెప్పాయి. 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నిబంధనల్లో మనం పెద్దగా పట్టించుకోని రెండు మాటలున్నాయి. డబ్బు గానీ ధాన్యం గానీ తాత్కాలికంగా అందకపోతే, భోజనం ఆగకుండా బడిలో ఉన్న ఏ నిధినైనా వాడుకునే అధికారం హెచ్‌ఎంకు ఉంది. తర్వాత డబ్బు రాగానే ఆ నిధిలో తిరిగి జమ చేస్తారు. ఏ కారణం వల్లనైనా భోజనం పెట్టని రోజులకు పిల్లలకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. అంటే డబ్బు ఆలస్యమవుతుందని నిబంధనలు రాసినవాళ్ళకు ముందే తెలుసు. ఆ భారం వండే మనిషి మీద పడాలని మాత్రం వాళ్ళు ఎక్కడా రాయలేదు.

పొద్దున పూట సంగతీ ఒక్క మాట. పత్తి ఏరే కాలంలో, మిరపకాయ కోతల్లో తల్లులు తెల్లారకముందే కూలికి పోతారు. పిల్ల టీ నీళ్ళు తాగి బడికొస్తుంది. మొదటి పీరియడ్ లెక్కలు. పన్నెండు దాకా ఆ కడుపు దేంతో నడవాలి? తమిళనాడు 2022 సెప్టెంబరులో బళ్ళలో ఉదయం ఫలహారం మొదలుపెట్టింది. తెలంగాణలో 2023 అక్టోబరులో మొదలైంది గానీ అన్ని బళ్ళకూ చేరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగిజావ ఇస్తున్నారు. మంచిదే, పెంచాల్సిందే. అయితే మధ్యాహ్నం బిల్లే మూడు నెలలు ఆగే చోట ఉదయం బిల్లు కూడా చేరిస్తే, ఆ మహిళ ఖాతా పుస్తకంలో ఇంకో పేజీ నిండుతుంది, అంతే. ముందు చెల్లింపు సరిచేసి, ఆపై పొయ్యి రెండుసార్లు వెలిగించాలి.

ఆంధ్రప్రదేశ్ ఈ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. గోదావరి లంక గ్రామంలో, దారిన పోయేవాళ్ళకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన మహాతల్లి. పేరు సముచితమే. కానీ సీతమ్మ గారు తన ఇంట్లో తన ధాన్యం పెట్టారు, అది ఆమె దాతృత్వం. బడిలో పిల్లలకు పెట్టేది దానం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. ఆ హక్కును అమలు చేయడానికి నెలకు మూడు వేలు తెచ్చుకునే కూలి మనిషి ప్రభుత్వానికి అప్పు పెట్టాల్సి రావడం ఏ లెక్కన న్యాయం?

వింటున్న తల్లిదండ్రులకు ఒక మనవి. వీలున్న రోజున భోజనం వేళకు బడికి వెళ్ళండి. పిల్లలతో కూర్చుని తినండి. పప్పు పలచగా ఉంటే వండిన ఆమెను అడగండి, తప్పులేదు. అక్కడితో ఆగకుండా, చివరి బిల్లు ఏ నెలది పడిందో హెచ్‌ఎంను అడగండి. ఆ తేదీని తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో తీర్మానంగా రాయించండి, మండలానికి పంపించండి. పుట్టినరోజుకు బడిలో తిథి భోజనం పెట్టే దాతలకూ ఒక మాట. మిఠాయి పంచండి, సంతోషం. అదే చేత్తో ఒక బడికి ఒక నెల పప్పు ఖర్చు ముందుగా సర్ది, బిల్లు వచ్చాక తిరిగి తీసుకునే ఏర్పాటు ఊళ్ళో చేయగలరేమో ఆలోచించండి.

ఇక ప్రభుత్వాలకు చెప్పాల్సింది ఒక్కటే. ఏ బడిలో ఈరోజు ఎంతమంది తిన్నారో హెచ్‌ఎం రోజూ ఫోన్‌లో నమోదు చేస్తున్నారు. ఆ అంకె ఆ రోజే రాజధానికి చేరుతోంది. దాన్ని 6 రూపాయల 78 పైసలతో గుణించడానికి కంప్యూటర్‌కు రెప్పపాటు కూడా పట్టదు. ఎంతమంది తిన్నారో ఏ రోజుకారోజు తెలుసుకోగలిగిన ప్రభుత్వం, ఎంత బాకీ పడ్డానో మూడు నెలల దాకా తెలియదంటే చెల్లదు. బాకీ ముందు తీర్చి, ఆ తర్వాత వంటగదిలో లెక్క అడగాలి.